యంత్రముల యొద్ద చేతితొడుగులు

చేతికి తొడుగు వేసికొనినచో చేయి క్షేమముగా నుండునని సామాన్యముగా నందఱును తలంతురు. ప్రొయ్యి మీది గిన్నెను మసిగుడ్డతో దింపుటకు అలవాటుపడిన మనకు అట్టి తలంపు సహజమే. కాని కర్మశాలలలో వేగముగా తిరుగు యంత్రముల విషయమున నది సరిపడదు. లేత్ యంత్రము, డ్రిల్లింగు యంత్రము, కొయ్యకోయు ఱంపపు యంత్రము మొదలగువాని యొద్ద తొడుగు చేతిని కాపాడకపోగా, చేతిని యంత్రమునకు పట్టి యిచ్చును. పని నెఱిగినవారు వాని యొద్ద వట్టిచేతులతోనే పనిచేయుదురు. వినుటకు వింతగా నున్న యీ సంగతిని సోదరీమణులకు విశదపఱుపవలెనని యీ వ్యాసమునకు పూనుకొంటిని.

కర్మశాలల గొడవ వంటయింటివారి కేల యని కొంద ఱనవచ్చును. విజయవాడ ఆటోనగరులోను, హైదరాబాదు బాలానగరులోను ఉదయమున టిఫిను డబ్బా పట్టుకొని పోవు పనివాని వెనుక, తఱచుగా, ఆ డబ్బాను సర్దిన స్త్రీ యొకతె యుండును. ఆయన సాయంకాలము పది వ్రేళ్లతో తిరిగి వచ్చుట కంటె నామెకు కావలసిన దేమి? ఇప్పుడు బాలికలును ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు పనులు నేర్చుచున్నారు. అదియునుగాక మిక్సీ, గ్రైండరు, కుట్టుమిషను, పల్లెలలో చొప్పకోయు యంత్రము మన యిండ్లలోనికే వచ్చి చేరినవి. యంత్రము మన గడప దాటి లోపలికి వచ్చిన పిమ్మట దాని స్వభావమును తెలిసికొనకుండుట న్యాయము గాదు.

లేత్ యంత్రమును చూడనివారు కుమ్మరిసారెను మనసున తలంచుకొనుడు. సారె నేలమీద పరుండి తిరుగును. లేత్‌లో చక్కు అను పట్టు గోడగడియారపు ముఖమువలె నిలువుగా నుండి తిరుగును. సారెమీద మట్టి తిరుగుచుండగా కుమ్మరి చేయి దానికి రూపమిచ్చును. లేత్‌లో ఇనుపకడ్డీ తిరుగుచుండగా, దానికంటె గట్టిదైన ఉక్కు పనిముట్టు దానిని చెక్కును. సారెయొద్ద చేయి మట్టిని తాకియే యుండవలెను. లేత్ యొద్ద చేయి తిరుగు లోహమును తాకనే కూడదు.

ఇప్పుడు కొంచెము లెక్క చూతము. ఒక అంగుళము లావు, అనగా 25 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల కడ్డీ నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్న దనుకొందము. లేత్‌కు ఇది గొప్ప వేగము గాదు. ఆ కడ్డీ చుట్టుకొలత 8 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. సెకనునకు 10 చుట్లు గనుక, ఒక్క సెకనులో అది 78 సెంటీమీటర్ల గుడ్డను తనకు చుట్టుకొనగలదు. మనుష్యుడు అపాయమును చూచి, అది అపాయమని గ్రహించి, చేతిని కదల్చుటకు ఇంచుమించు సెకనులో నాలుగవ వంతు పట్టును. ఆ లోపల కడ్డీ 19 లేక 20 సెంటీమీటర్ల తొడుగును చుట్టుకొనియుండును. మీ మధ్యవ్రేలి కొననుండి మణికట్టు వఱకు కొలిచి చూడుడు. చాలమందికి అంతకు మించదు. "అయ్యో" యను మాట నోట వెడలకమునుపే చేయి యంతయు లోనికి పోవు నన్నమాట. చుఱుకుదనమును నమ్ముకొను యువకులు ఈ లెక్కను ఒకసారి కాగితముమీద వేసి చూచుట మంచిది.

వట్టివ్రేలు తగిలినను ప్రమాదమే. చర్మము చీలును, నెత్తురు కాఱును. అయినను చర్మము జాఱి తప్పించుకొనుటకు కొంత అవకాశము కలదు. గుడ్డకును తోలునకును ఆ జాఱుదల లేదు. దారపు పోగొకటి చక్కు దవడకో, డ్రిల్లు కొనకో తగులుకొనిన చాలును; పోగు వెంట తొడుగును, తొడుగు వెంట వ్రేలును, వ్రేలి వెంట చేయియు పోవును. తొడుగు చినిగి చేతిని విడుచునని నమ్మరాదు. గట్టితొడుగు చినుగుటకు ముందే వ్రేలు విఱుగును. వ్రేలి యుంగరమును ఇట్టిదే. అది చిక్కినచో చర్మమును మాంసమును ఎముకమీదనుండి ఒలిచివేయును.

లోహమును చెక్కునప్పుడు జంతికలవలె మెలికలు తిరిగి పదునైన చుట్టలు వెలువడును. చేతులు కోసికొని పోకుండ తొడుగు కావలదా యని యడుగుటకు ఇదియే ముఖ్యకారణము. ఆ చుట్టలను చేతితో తీయుటయే తప్పు. యంత్రమును ఆపి, కొక్కెముతోనో కుంచెతోనో వానిని తీయవలెను. కండ్లద్దముల సంగతి మాత్రము వేఱు. ఎగిరివచ్చు రజనునుండి కంటిని కాపాడు ఆ యద్దములను యంత్రము తిరుగుచున్నంతసేపును ధరించియే యుండవలెను.

మా వారి పాఠశాలలో పదవ తరగతి ముగించిన బాలు డొకడు ఐ.టి.ఐ.లో టర్నరు పనికి చేరెను. వాని తల్లి బుట్ట నెత్తిన పెట్టుకొని కూరలమ్ము నామె. ఒకనాడు మా వాకిట బుట్ట దింపి, కొంగుముడి విప్పి, మందపు తోలుతొడుగుల జత యొకటి చూపెను. "ఇనుము ముట్టుకునే పని గదండీ అమ్మగారూ, వాడి చేతులు పదిలంగా ఉండాలని కొన్నాను. రేపు బస్సులో పోయేవాళ్లతో పంపుతున్నాను" అనెను. ఆ తొడుగుల వెల ఆమెకు ఎన్ని దినముల లాభమో నేనెఱుగుదును. అవి పనికిరావని చెప్పుట ఎవరికి మనసొప్పును? కాని యా తోలుముక్కలు కొడుకు చేతిమీద నుండగా వాడు తిరుగు చక్కు దగ్గఱ చేయి చాచుట నా కన్నులకు కట్టినట్లాయెను. లోపలనుండి రోకటిబండను తెచ్చి, దానికి నా పాతచీర చెంగును అంటించి, రెండు చుట్లు త్రిప్పి చూపితిని. ఆమె వెంటనే గ్రహించి, "కొంగు గిలకలో పడ్డట్టే గదమ్మా!" అనెను. నూతిగిలక నెఱిగిన వారికి లేత్ స్వభావము బోధించుట కష్టము గాదు. తొడుగులను మాత్రము తిరిగి యిచ్చివేయవలదని చెప్పితిని. కడ్డీలు మోయునప్పుడు, అంచులు పదునుగా నున్న రేకులు సర్దునప్పుడు, యంత్రము పూర్తిగా ఆగియుండగా చెత్త నెత్తునప్పుడు అవి యెంతయు నుపయోగించును. మీట నొక్కుటకు ముందు తీసి దూరముగా పెట్టవలెనని ఒక చీటి వ్రాసి యందులో నుంచితిమి. పని నేర్పు గురువుగారును మొదటి దినముననే యామాట చెప్పియుండెనని బాలుడు తరువాత తల్లికి తెలియజేసెను.

చేతితొడుగు పాశ్చాత్యులవలన మనకు వచ్చిన వస్తువని కొంద ఱనుకొందురు. వాల్మీకి రామాయణమున విశ్వామిత్రుని వెంట నడచు రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణములు ధరించియుండిరి. గోధ యనగా ఉడుము. దాని తోలుతో చేసిన వ్రేలితొడుగు లవి. అమరకోశమున జ్యాఘాతవారణ మను మాటయు కలదు. అల్లెత్రాటి దెబ్బనుండి చేతిని కాపాడునది యని దాని యర్థము. ఈ పేరులోనే తొడుగు సూత్ర మంతయు నిమిడియున్నది. ఏ దెబ్బకు ఏ తొడుగో తెలిసి చేసినది గాని, చేయి యున్నది గనుక తొడుగవలెనని చేసినది గాదు. దర్జీవాడు సూదిని నెట్టుటకు వ్రేలికి పెట్టుకొను లోహపు టోపియు అట్టిదే. అది వ్రేలికి బిగిసియుండును, దాని కొసలు వ్రేలాడవు.

తొడుగు తప్పక ధరింపవలసిన పనులను గూర్చియు కొంచెము చెప్పవలెను. వెల్డింగు చేయువారికి మోచేతి దాక వచ్చు తోలుతొడుగులు లేనిదే పని సాగదు. ఆమ్లములు, క్షారములు తాకువారికి రబ్బరు కావలెను. విద్యుత్తు పనివారికి దానికొఱకే పరీక్షించి చేసిన రబ్బరుతొడుగులు వేఱుగా కలవు. వంటింటి రబ్బరుతొడుగు వానికి బదులుకాదు. శ్రీకాకుళము జిల్లా పలాసలో జీడిగింజలు ఒలుచు స్త్రీల చేతులను జీడినూనె కాల్చి నల్లపఱుచును. గుంటూరు మిరపకాయల తొడిమలు తీయు స్త్రీలు రాత్రివేళ చేతుల మంటతో నిద్రపోలేరు. అచ్చట తొడుగు దయగల వస్తువు. చిత్ర మేమనగా, తొడుగు కావలసిన యీ స్త్రీలకు దానిని కొనియిచ్చువారు తక్కువ; దానిని విడువవలసిన చోట మాత్రము ప్రేమతో కొనియిత్తుము.

వైద్యశాలలలోని రబ్బరుతొడుగు చరిత్రయు వినదగినది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో 1889–90 ప్రాంతమున కరొలీన్ హాంప్టన్ అను నర్సుకు, క్రిములను చంపు పాదరసపు ద్రావకము పడక చేతులు పుండ్లుపడెను. శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ ఆమె కొఱకు గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీచే పలుచని తొడుగులు చేయించెను. రోగికి మేలు కలుగునని పిమ్మట తెలిసినది; మొదట కాపాడవలెనని తలచినది ఒక స్త్రీ చేతులనే. ఆ నర్సు తరువాత ఆయనకే భార్య యయ్యెను.

తొడుగును గూర్చి చెప్పినదంతయు వ్రేలాడు ప్రతి వస్త్రమునకును వర్తించును. మోటారుసైకిలు వెనుకచక్రము ప్రక్కన నుండు చీరగార్డును మీరందఱు చూచియున్నారు గదా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో, వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రమున చిక్కకుండ సగము చక్రమునకు తక్కువ కాకుండ మఱుగు కట్టవలెనని 123వ నియమము చెప్పుచున్నది. చీర కట్టు దేశమునకు తగిన నియమ మది. గార్డున్నను కొంగును ఒడిలోనికి తీసికొని కూర్చుండుట మఱువరాదు. ఇసడోరా డంకన్ అను ప్రఖ్యాత నర్తకి 1927లో ఫ్రాన్సునందలి నీస్ నగరమున మోటారుకారులో పోవుచుండగా, మెడకు చుట్టుకొనిన పొడవాటి వల్లెవాటు చక్రమున చుట్టుకొని ప్రాణము పోయెను.

జుట్టు వస్త్రముకంటెను మోసకరమైనది. అది వ్రేలాడుచున్నట్లు మనకే తెలియదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో లక్షలకొలది స్త్రీలు యుద్ధసామగ్రి కర్మాగారములలో చేరిరి. అప్పుడు వెరోనికా లేక్ అను సినిమా నటి యొక కంటిమీదుగా జాఱవిడుచు కేశాలంకారమును చాలమంది యనుకరించుచుండిరి. యంత్రములలో జుట్టు చిక్కు ప్రమాదము చూచి 1943లో ఆ నటి తన జుట్టును ముడిచి కట్టుకొని చూపి, పనిచేయు స్త్రీలను అట్లే చేయుడని కోరెను. సినిమావారివలన లోకమున కొక మేలు జరిగిన సందర్భము గనుక వ్రాయుచున్నాను. 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున చదువు ముగియనున్న విద్యార్థిని యొకతె రాత్రివేళ కర్మశాలలో ఒంటరిగా లేత్ మీద పనిచేయుచుండగా, జుట్టు యంత్రమున చిక్కుకొని మరణించెను. ఆమె భౌతికశాస్త్రమును చదువుచున్న బాలిక. తెలివి చాలక జరిగిన దెంతమాత్రమును గాదు. జడ వేసికొను మన బాలికలు యంత్రముల యొద్ద జడను చుట్టి ముడిగా బిగించి, పైన గుడ్డ కట్టవలెను. ఓణీ, చున్నీ వంటివి తీసి, బిగువైన కోటు తొడుగుకొనవలెను. రాత్రివేళ ఒంటరిగా యంత్రమును త్రిప్పరాదు.

గాజుల మాట యెత్తిన కొందఱు పెద్దలకు కోపము వచ్చునని యెఱుగుదును. ముత్తైదువ వట్టిచేతులతో నుండరాదను నమ్మకము మన యిండ్లలో గట్టిగా నున్నది. పనిచేయు నాలుగు గంటలు గాజులను తీసి పెట్టెలో నుంచుట వలన ఐదవతనమునకు ఏ లోపమును లేదని నా నిశ్చయము. ముంజేయి యుండిననే గాజు. తీయుటకు మనసొప్పని సోదరి తిరుగు యంత్రము నొద్దకు పోక, కొలతలు చూచుట, వస్తువులను పరీక్షించుట వంటి పని కోరుకొనవచ్చును గాని, గాజులతో చక్కు ముందు నిలువరాదు. గాజులపైన గుడ్డ చుట్టుట ఇంకను చెడ్డది. చిక్కుటకు రెండు వస్తువులైనవి. మంగళసూత్రమును రవికలోపలికి తోసికొని, మెడవఱకు గుండీలున్న కోటు వేసికొనిన వ్రేలాడదు. పురుషులకును ఇదే మాట. మొలత్రాడు, చేతికి కట్టిన ఎఱ్ఱదారము, గడియారము, పొడుగుచేతుల చొక్కా వదులుగుండీ, ఇవన్నియు ఆ కోవలోనివే.

మన దేశమున 1948లో చేసిన కర్మాగారముల చట్టమున 22వ సెక్షను ఈ విషయమునే పలికినది. తిరుగుచున్న యంత్రమును పరీక్షింపవలసివచ్చినపుడు, అందు ప్రత్యేకముగా తరిఫీదు పొందిన వయోజనుడగు పురుషుడు, ఒంటికి బిగిసిన దుస్తులు ధరించి మాత్రమే చేయవలెనని యందున్నది. శక్తిని పుట్టించు యంత్రభాగములు గాని, శక్తిని చేరవేయు భాగములు గాని తిరుగుచుండగా స్త్రీలును బాలురును వానిని శుభ్రపఱుచుటయు, నూనె వేయుటయు కూడదనియు చెప్పిరి. ఆ చట్టము స్త్రీని చూచి భయపడినదా, చీరను చూచి భయపడినదా యని నాకు సందేహము. దుస్తులే కారణమైనచో దుస్తులు మార్చుకొన్న స్త్రీ యేల తగదు? ఆ చట్టమును తనలో కలుపుకొనుచు పార్లమెంటు 2020లో క్రొత్త స్మృతిని చేసినది. చట్టము లెన్ని మాఱినను బిగువు దుస్తులను గూర్చిన భాగము మాత్రము యంత్రము తిరుగునంతకాలము మాఱదు.

పల్లెటూళ్ల సంగతికి వత్తము. నూర్పిడి యంత్రములలో చేతులు పోగొట్టుకొను రైతుకూలీలు అధికమగుటచే 1983లో అపాయకరమైన యంత్రములను గూర్చి ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చెను. చొప్పకోయు యంత్రమును, చెఱకురసపు యంత్రమును అదే జాతికి చెందినవి. చెఱకురసపు యంత్రమున రెండు ఇనుప ఉరుళ్లు ఒకదానికెదురుగా నొకటి తిరుగును. చెఱకు దూరువైపున అవి లోనికి లాగును, పిప్పి వెడలువైపున బయటికి త్రోయును. ప్రమాదమంతయు లాగువైపుననే. గడ తుదిభాగమును మఱియొక గడతో నెట్టవలెను గాని చేతితో నెట్టరాదు. గుడ్డతొడుగుతో నెట్టువానిని చూచినచో, వానికి తెలియదేమో యని యొక మాట చెప్పి పొండు.

మన వంటయింటి మిక్సీ నిమిషమునకు సుమారు 18,000 చుట్లు తిరుగును. పైని చెప్పిన లేత్‌కు ముప్పది రెట్ల వేగము. గిన్నెలోని కత్తులను తాకుటకు ముందు స్విచ్చి ఆపిన చాలదు, ప్లగ్గును ఊడదీయవలెను. వెనుకనుండి పిల్లవాడు వచ్చి స్విచ్చి వేయుట ఎంతసేపు? గ్రైండరు మెల్లగా తిరుగును గనుక దానిని లెక్కచేయము. రాయి తిరుగుచుండగా పిండిని చేతితో త్రోయుట మన యలవాటు. రాతికిని గిన్నెకును నడుమ చిక్కిన వ్రేలికి వేగముతో పని లేదు, బరువే చాలును. యంత్రము నాపి గరిటెతో తీయవలెను. స్విచ్చి ఆపినంతనే చక్ర మాగదని, అది కొంతసేపు తన వేగముచేతనే తిరుగునని పిల్లలకు చూపి చెప్పవలెను. కర్మశాలలో చక్కు పూర్తిగా నిలిచినదాక చేతులు వెనుకకు పెట్టుకొని నిలువుమని గురువులు చెప్పుట అందులకే.

ఇంత జాగ్రత్తలోను ప్రమాదము జరిగినచో చేయవలసినది ముందే తెలిసియుండవలెను. మొదట యంత్రమునకు విద్యుత్తు ఆపవలెను. చిక్కిన చేతిని లాగరాదు. యంత్రమును తెలిసినవారిచే విప్పించి తీయవలెను. నెత్తురు కాఱు గాయముమీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చేతిని పైకెత్తి యుంచవలెను. పసుపును, కాఫీపొడిని అద్దు మన పాత యలవాటు ఇచ్చట కూడదు. వైద్యుడు దానిని కడుగుటకే ఎంతయో ప్రొద్దు పోవును. 1965లో జపాను వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని సూక్ష్మదర్శిని సహాయముతో మరల అతికిరి. ఇప్పుడా చికిత్స మన పెద్దనగరములలోను కలదు. కాబట్టి తెగిన వ్రేలిని పాఱవేయరాదు. దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టికు సంచిలో నుంచి మూతి బిగించి, ఆ సంచిని మంచుగడ్డలున్న పాత్రలో పెట్టవలెను. వ్రేలు మంచును నేరుగా తాకరాదు, నీళ్లలో మునుగరాదు. 108కి ఫోను చేయునపుడే వ్రేలు తెగినదని చెప్పి, అతుకు వైద్యులున్న ఆసుపత్రి ఏదో విచారించి, గాయపడినవానితోపాటు ఆ పాత్రను కూడ బండిలో పంపవలెను. తొందరలో పాత్ర ఇంటియొద్దనే మఱచిపోవుట కలదు గనుక దానిని ఒకరి చేతికి ప్రత్యేకముగా అప్పగింపుడు.